ఇంటిపేరు పోగొట్టుకున్న పిల్లి

ఈ పూట మీకొక పిల్లి కథ చెబుదామని వచ్చాను. "ఇంట్లో ఎలుకలతోనే వేగలేకపోతున్నాం, మధ్యలో పిల్లి కథ కూడానా?" అని విసుక్కోకండి. ఇది పొద్దుపోక చెప్పే కాకమ్మ కథ కాదు, నాలుగు వందల ఏళ్ల చరిత్ర. రాజ్యాల చరిత్రలో మనబోటి గృహిణుల ప్రస్తావన ఎక్కువగా కనపడదు గాని, పిల్లుల చరిత్రలో మాత్రం ఆడవాళ్ల చెయ్యి బాగానే ఉంది. మంచికీ ఉంది, పొరపాటుకీ ఉంది.

కథ మా ఇంట్లోనే మొదలుపెడతాను. రెండేళ్ల క్రితం మా వీధి చివర కాపురమున్నవాళ్లకి బదిలీ అయింది. వెళుతూ వెళుతూ తమ పిల్లిని మా చేతుల్లో పెట్టి వెళ్లారు. తెల్లగా మల్లెచెండులా ఉంటుంది. ఒళ్లంతా పట్టుకుచ్చులాంటి బొచ్చు, విసనకర్రలా విచ్చుకున్న తోక, రెండూ నీలి కళ్లు. మా అమ్మాయి దానికి మల్లి అని పేరు పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "పర్షియనా అండీ?" అనేవారు. నాకేం తెలుసు? బొచ్చుంది కాబట్టి పర్షియనే అయివుంటుందని, "అవునండీ, పర్షియనే" అని గొప్పగా చెప్పుకునేదాన్ని.

అంతవరకూ బాగానే ఉంది. కాని మల్లి పిలిస్తే పలికేది కాదు. పాలగిన్నె పెట్టి ఎంత పిలిచినా తల తిప్పి చూసేది కాదు. "పో" అంటే పోదు, "రా" అంటే రాదు. వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకుని, కసిరినా కదలదు. మా అత్తగారు చూసి చూసి, "అందం ఉన్నచోట అణకువ ఉండదే అమ్మాయ్. ఇది ఉత్త పొగరుమోతు పిల్లి" అని తేల్చేశారు. నేనూ వంత పాడాను. ఒకరోజు పని తొందరలో ఉండి చీపురు కూడా విసిరాను. ఆ చీపురు సంగతి మళ్లీ చెబుతాను. ముందు చరిత్రలోకి వెళదాం.

ఒకనాడు మా అమ్మాయి ఏదో పుస్తకంలో బొమ్మ చూసి, "అమ్మా, పర్షియన్ పిల్లికి ముక్కు చప్పిడిగా, మొహం పళ్లెంలా ఉండాలిట. మన మల్లి ముక్కు కోటేరులా ఉందేం?" అంది. నాకు జవాబు తెలియలేదు. తెలియదని ఒప్పుకుని తెలుసుకోవడం మొదలుపెట్టాను. అలా నా కంటబడింది అంగోరా పిల్లి కథ.

టర్కీ దేశం రాజధాని అంకారా. సముద్రానికి దూరంగా, సుమారు 900 మీటర్ల ఎత్తున, పీఠభూమి మీద ఉన్న ఊరు. ఎండాకాలం వేడి, చలికాలం మంచు. పాశ్చాత్యులు పూర్వం ఆ ఊరిని అంగోరా అనేవారు. ఆ పేరుతో మూడు జంతువులు లోకమంతా పేరుపడ్డాయి: అంగోరా మేక, అంగోరా కుందేలు, అంగోరా పిల్లి. మూడూ పొడుగు బొచ్చువే. దుకాణంలో మొహేర్ అని అమ్మేది ఆ మేక ఉన్ని. అంగోరా ఉన్ని అని అమ్మేది మాత్రం కుందేలుది. పిల్లి బొచ్చుతో ఎవరూ స్వెట్టర్లు అల్లలేదు లెండి. పిల్లిని పిల్లి కోసమే పెంచుకున్నారు.

టర్కీ 1923లో రిపబ్లిక్ అయింది. అదే ఏడు ఈ ఊరు రాజధాని అయింది. 1930లో ఆ ప్రభుత్వం, "మా ఊళ్లను మా భాషలో ఉన్న పేర్లతోనే రాయండి" అని బయటి దేశాలను కోరింది. అప్పటినుంచి లోకానికి ఆ ఊరు అంకారా అయింది. ఊరు తన అసలు పేరు తాను దక్కించుకుంది. పిల్లి అదృష్టం మాత్రం అలా లేదు.

ఇక్కడ చిన్న శాస్త్ర విషయం చెప్పాలి. భయపడకండి, మన వంటింటి భాషలోనే చెబుతాను. పాలు పొంగేవేళకి స్టవ్వు కట్టే చెయ్యి ఒకటి ఉండాలి కదా? అలాగే వెంట్రుక కొంతమేర పెరిగాక "ఇక చాలు" అని ఆపే జన్యువు ఒకటి పిల్లి ఒంట్లో ఉంది. ఆ జన్యువు చెడితే వెంట్రుక ఆగవలసినచోట ఆగక ఇంకా పెరుగుతుంది. అదే పొడుగు బొచ్చు. ఏ జన్యువులో ఏ మార్పుల వల్ల ఇలా అవుతుందో 2007లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కుక్కల్లో పొడుగు బొచ్చుకు కూడా ఆ జన్యువే కారణమట. పిల్ల పొడుగు బొచ్చుతో పుట్టాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ మార్పు రావాలి. ఒక్కరి నుంచే వస్తే బయటపడదు, లోపల దాక్కుని ఉంటుంది. తాత పోలిక మనవడికి వచ్చినట్టు, పొట్టి బొచ్చు తల్లిదండ్రులకు ఉన్నట్టుండి కుచ్చుతోక పిల్ల పుట్టవచ్చు.

అంటే ఏమిటన్నమాట? బొచ్చు పొడుగ్గా ఉన్నంత మాత్రాన అది ఫలానా జాతి అని చెప్పడానికి వీల్లేదు. చీర చూసి మనిషి ఊరు చెప్పలేం కదా, ఇదీ అంతే. కాని లోకం మాత్రం చీర చూసే తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఎలా వచ్చిందో వినండి.

రోము నగరానికి చెందిన పియెత్రో డెల్లా వల్లే అనే యాత్రికుడు 1614లో తూర్పుదేశాలకు బయలుదేరాడు. బాగ్దాదులో మాని అనే అమ్మాయిని ప్రేమించి పెళ్లాడాడు. ఇద్దరూ కలిసి పర్షియా, అంటే నేటి ఇరాన్, తిరిగారు. అక్కడినుంచి మిత్రుడికి రాసిన జాబుల్లో ఖొరాసాన్ ప్రాంతపు పిల్లులను ముచ్చటగా వర్ణించాడు. చారలూ మచ్చలూ లేని బూడిద రంగు ఒళ్లు, మెత్తని నిగనిగలాడే బొచ్చు, ఉడతలా వీపు మీదికి వాల్చుకునే కుచ్చుతోక. చాలా సాధువులని కూడా రాశాడు. ఇటలీకి తీసుకుపోదామని నాలుగు జంటలు సేకరించాడు. ఆ పిల్లులను పోర్చుగీసువాళ్లు అప్పటికే మన భారతదేశానికి తెచ్చారని కూడా ఆయనే రాశాడు. అంటే బొచ్చుపిల్లి మన దేశానికి నిన్నమొన్న వచ్చిన సరదా కాదు, నాలుగు వందల ఏళ్ల పాత చుట్టం.

పాపం, ఆ మాని 1621లో దారిలోనే జబ్బుచేసి చనిపోయింది. భార్యను పరాయి నేలలో వదలలేక, దేహం చెడకుండా లేపనాలు చేయించి, పెట్టెలో పెట్టుకుని ఆయన సూరత్, గోవా, కన్నడ దేశం అన్నీ తిరిగి, చివరకు 1627లో రోములో తన వాళ్ల సమాధుల చెంత చేర్చాడు. పిల్లుల కథలో ఇదెందుకు అనకండి. ఆ ఇల్లాలి పేరు కూడా చరిత్రలో పెద్దగా వినపడదు. అందుకని చెప్పాను.

దాదాపు అదే కాలంలో ఫ్రాన్సు దక్షిణభాగంలో పెరెస్క్ అనే పండితుడు ఉండేవాడు. నాణేలు, రాతప్రతులు, మొక్కలు, అన్నీ పోగుచేసే మనిషి. 1637లో చనిపోయాడు. ఆయన టర్కీ వైపు నుంచి ఓడల మీద అంగోరా పిల్లులను తెప్పించుకుని పెంచేవాడు, స్నేహితులకు కానుకలుగా పంపేవాడు. అలా ఐరోపాకు బొచ్చుపిల్లులు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి ఖొరాసాన్ దారి, ఒకటి అంగోరా దారి.

ఫ్రెంచివాళ్లకు అంగోరా బాగా నచ్చింది. పదిహేనవ లూయీ రాజుకు తెల్ల అంగోరా అంటే ప్రాణం. బషెల్యే అనే చిత్రకారుడు 1761లో తెల్ల అంగోరా పిల్లి సీతాకోకచిలుకను కనిపెట్టి చూస్తున్నట్టు చక్కని బొమ్మ వేశాడు. పడుకుని నిద్రపోతున్న పిల్లిని కాదు, చూపంతా ఒకచోట నిలిపిన పిల్లిని వేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

కథ ఇప్పుడు లండనుకు మారుతుంది. 1871 జులై 13న అక్కడి క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన జరిగింది. సుమారు 170 పిల్లులు వచ్చాయి. ఏర్పాటు చేసినవాడు హారిసన్ వేర్ అనే చిత్రకారుడు. ఆ రోజుల్లో పిల్లి అంటే ఎలుకల కోసం ఉంచుకునేది, అంతే. దానికి ఒక విలువా గౌరవమూ కలిగించాలని ఆయన తపన. 1889లో పిల్లుల మీద ఒక పుస్తకం కూడా రాశాడు. అందులో అంగోరా వేరు, పర్షియన్ వేరు అని విడివిడిగా వర్ణించాడు. అంగోరా తల చిన్నది, పర్షియన్ తల పెద్దది, చెవులు అంత మొనదేలి ఉండవు, ఇలా ఒక్కొక్కటే చెప్పాడు. చిత్రకారుడి కన్ను కదా, బొచ్చు కింద ఉన్న ఒడ్డూపొడుగూ పట్టుకుంది.

ఆయన 1887లో ఏర్పడిన జాతీయ పిల్లుల సంఘానికి మొదటి అధ్యక్షుడు. కాని కొన్నాళ్లకే విసుగెత్తి తప్పుకున్నాడు. సభ్యులకు పిల్లుల బాగు కంటే పతకాల మీదే యావ ఎక్కువైందని ఆయన బాధ. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే కాబోలు.

పతకాలు ఎవరికి వచ్చేవి? బొచ్చు గుబురుగా, ఒళ్లు బొద్దుగా, మొహం గుండ్రంగా ఉన్నవాటికి. విక్టోరియా మహారాణి కూడా నీలిబూడిద రంగు పర్షియన్లను పెంచుకునేది. రాణిగారి ఇంట్లో ఉన్నది మన ఇంట్లోనూ ఉండాలని ఎవరికి ఉండదు? అంగోరాను పర్షియన్‌తో కలిపారు. బొచ్చు ఇంకాస్త పట్టులా రావాలని కొందరు, ఒత్తుగా రావాలని కొందరు. పుట్టిన పిల్లలన్నిటికీ పర్షియన్ అనే పేరే పెట్టారు.

1903లో ఫ్రాన్సెస్ సింప్సన్ అనే ఆవిడ పిల్లుల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించింది. ఆ రంగంలో ఆవిడ మాట వేదవాక్కు. ఆ పుస్తకంలో ఆవిడ, అంగోరాకూ పర్షియన్‌కూ ఉన్న తేడా చాలా సూక్ష్మమనీ, అంగోరా ఎలాగూ మెల్లగా కనుమరుగవుతున్నదనీ, అందుచేత పొడుగు బొచ్చు పిల్లులన్నిటినీ పర్షియన్ల కిందే కడుతున్నాననీ, తప్పయితే మన్నించమనీ రాసింది. అంతే, ఒక్క కలంపోటుతో అంగోరా ఇంటిపేరు ఎగిరిపోయింది.

నాకు ఆ సంగతి చదివినప్పుడు గుండె కాస్త కలుక్కుమంది. నా పదోతరగతి సర్టిఫికెట్టు మీద ఒక ఇంటిపేరుంది, రేషను కార్డు మీద ఇంకొకటి ఉంది. మీలో చాలామందికీ అంతే. ఎక్కడైనా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టవలసి వస్తే, "ఇద్దరూ ఒకరేనా?" అని అడుగుతారు. మనం "అవునండీ, నేనే" అని చెప్పుకోగలం. నోరులేని పిల్లి ఎవరితో చెప్పుకుంటుంది? అయితే ఫ్రాన్సెస్ సింప్సన్‌ను నేను తప్పుపట్టను. ఆవిడ పిల్లులను ప్రేమించిన మనిషి. తప్పయితే మన్నించమని ముందే అడిగిన మనిషి. పొరపాటల్లా ఎక్కడంటే, చూసింది బొచ్చు, తీర్పు చెప్పింది జాతి మీద.

ఇంతకూ గెలిచిన పర్షియన్ సుఖపడిందా అంటే, అదీ లేదు. 20వ శతాబ్దం గడిచేకొద్దీ గుండ్రటి మొహం ఇంకా గుండ్రం కావాలని, ముక్కు ఇంకా చప్పిడి కావాలని ఏరి ఏరి పిల్లలు పెట్టించారు. ముక్కు లోపలికి పోయేసరికి కన్నీటి దారులు వంకరపోయి కళ్ల నుంచి ఎప్పుడూ నీరు కారడం, ఊపిరి గురగురలాడడం మొదలయ్యాయి. మూత్రపిండాల్లో నీటిబుడగలు పుట్టే వంశపారంపర్య జబ్బు కూడా ఆ జాతిలో బాగా వ్యాపించింది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2004లో కనిపెట్టారు కాబట్టి ఇప్పుడు పరీక్ష చేయించి తెలుసుకోవచ్చు. ఇవాళ మన హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో కూడా పర్షియన్లను కొని పెంచుకునేవారు చాలామంది ఉన్నారు. అలాంటివారు రోజూ మెత్తని తడిగుడ్డతో దాని కళ్లు తుడవాలి, బొచ్చు దువ్వాలి. ఫోటోలో ముచ్చటగా ఉండే చప్పిడి ముక్కు పిల్లికి ఊపిరి పీల్చుకోవడమే ఒక పని అని మరచిపోకూడదు.

ఇంగ్లండులో, ఫ్రాన్సులో అంగోరా పేరు మాసిపోయిన రోజుల్లో దాని పుట్టినింట్లో ఏం జరుగుతోంది? అక్కడ ఎవరికీ ఈ పతకాల గొడవ పట్టలేదు. అంకారా ఇళ్లలో, వీధుల్లో ఆ పిల్లులు తరాల తరబడి ఎప్పటిలాగే బతుకుతున్నాయి. అంకారా జంతుప్రదర్శనశాలవాళ్లు మాత్రం తెల్లవాటిని ఏరి, వాటి వంశం చెడకుండా ప్రత్యేకంగా కాపాడుతూ వచ్చారు. నీలి కళ్లవి, తేనెరంగు కళ్లవి, ఒక కన్ను నీలం ఒక కన్ను తేనెరంగు ఉన్నవి, మూడు రకాలూ అక్కడ ఉండేవి.

1962లో అమెరికా సైన్యానికి చెందిన కర్నల్ వాల్టర్ గ్రాంట్, ఆయన భార్య లీసా గ్రాంట్ ఆ జంతుశాల నుంచి ఒక జంటను తమ దేశానికి తీసుకువెళ్లారు. వంశవృక్షం కాగితాలతో సహా తీసుకువెళ్లారు సుమండీ. మగదాని పేరు యిల్దిజ్, అంటే నక్షత్రం. ఆడదాని పేరు యిల్దిజిక్, అంటే చిన్న నక్షత్రం. ఆ రెండు చుక్కలతో అంగోరా మళ్లీ పాశ్చాత్య లోకంలో పొద్దు పొడిచింది. అమెరికాలోని పెద్ద పిల్లుల సంఘం 1968లో తెల్ల అంగోరాలను నమోదు చేసుకోవడం మొదలుపెట్టింది. 1972లో పోటీల్లో ఛాంపియన్ హోదాకు అర్హత ఇచ్చింది. పేరు కూడా స్పష్టంగా ఉండాలని టర్కిష్ అంగోరా అన్నారు. పుట్టినూరు పేరు పక్కన పుట్టినదేశం పేరు కూడా చేరింది.

అయితే ఇక్కడ కూడా ఒక మెలిక పడింది. అంకారా వీధుల్లో ఈ జాతి పిల్లులు నల్లవి ఉన్నాయి, బూడిదవి ఉన్నాయి, ఎర్రవి, చారలవి కూడా ఉన్నాయి. కాని జంతుశాలవారు ఏరినవి తెల్లవి కాబట్టి, తెల్లనిదే అసలైన అంగోరా అని అనుకున్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన తెల్లపిల్ల అంగోరా అట, నల్లపిల్ల కాదట! మన పెళ్లిచూపుల్లో మాటలు గుర్తుకు రావడం లేదూ? 1978లో గాని ఆ సంఘంవారు రంగుపిల్లులను ఒప్పుకోలేదు.

ఇంకో విచిత్రం వినండి. బ్రిటన్‌లో ఎవరో సయామీ జాతి సంతతి నుంచి పొడుగు బొచ్చు పిల్లులను తయారుచేసి, పాత బొమ్మల్లో అంగోరాను పోలి ఉన్నాయని వాటికి అంగోరా అని పేరు పెట్టారు. అంకారాతో వాటికి ఏ సంబంధమూ లేదు. ఈ శతాబ్దం మొదట్లో గాని ఆ పేరు మార్చలేదు. అసలు మనిషి బయట నిలబడి ఉంటే, ఆమె పేరుతో ఇంకొకరు లోపల పీట మీద కూర్చున్నట్టయింది.

చివరకు 2008లో విషయం తేటపడింది. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెస్లీ లయన్స్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం వెయ్యికి పైగా పిల్లుల జన్యువులను పోల్చి చూసింది. వీధిపిల్లులూ ఉన్నాయి, జాతిపిల్లులూ ఉన్నాయి. తేలిందేమిటంటే, పర్షియన్ పిల్లి తూర్పుదేశాల పిల్లులకు కాదు, పశ్చిమ ఐరోపా పిల్లులకు దగ్గర బంధువు! పేరులో పర్షియా ఉంది గాని నెత్తురులో ఐరోపా ఉంది. తరతరాలుగా అక్కడి పిల్లులతో కలిపి కలిపి పెంచితే మరేమవుతుంది? టర్కిష్ అంగోరా మాత్రం తన పుట్టింటివైపు, టర్కీ, తూర్పు మధ్యధరా ప్రాంతపు పిల్లుల సరసనే నిలిచింది. తేడా లేదని 1903లో కొట్టేసిన ఇంటిపేరును 105 ఏళ్ల తరువాత ఒక ఆడమనిషి బృందమే తిరిగి చూపించింది. మంచికీ పొరపాటుకీ మన చెయ్యి ఉందని మొదట అన్నది ఇందుకే.

సరే, పేరు దొరికింది. మరి గుణం? ఇళ్లలో పెంచేవాళ్లకు ముఖ్యంగా కావలసింది అదే కదా.

బొచ్చుపిల్లి అనగానే దిండు మీద దిండులా పడుకునేదని మన ఊహ. పర్షియన్ విషయంలో అది చాలావరకు నిజమే, నిదానస్తురాలు. కాని అంగోరా అలా కాదు. సన్నని ఎముకలు, పొడుగాటి నాజూకు ఒళ్లు, నిటారుగా నిలిచే పెద్ద చెవులు, కాస్త ఏటవాలు కళ్లు. బొచ్చు ఒకే వరుస, అడుగున దట్టమైన నూగు ఉండదు, అందుచేత అంతగా చిక్కుపడదు. వారానికి రెండుసార్లు దువ్వితే సరిపోతుంది. ఇక స్వభావం చూద్దామా, ఊరికే కూర్చోదు. బీరువా మీద, తలుపు మీద, ఎక్కడ ఎత్తుంటే అక్కడ ఉంటుంది. గొళ్లెం తీయడం నేర్చుకుంటుంది. ఇంట్లో ఒకరిని తన మనిషిగా ఎంచుకుని వెంట తిరుగుతుంది. మనం చేసే ప్రతి పనిలోనూ మూతి పెడుతుంది. బషెల్యే బొమ్మలో చూపంతా సీతాకోకచిలుక మీదే నిలిపిన ఆ పిల్లి, ఇదే.

అయితే అంగోరా అంటే అన్నీ ఒకేలా ఉంటాయని కూడా అనుకోకూడదు. ఫిన్లండులో హెల్సింకి విశ్వవిద్యాలయంవారు 2019లో 5,700కు పైగా పిల్లుల ప్రవర్తన మీద పరిశోధన ప్రకటించారు. జాతికీ జాతికీ గుణంలో తేడా ఉన్నమాట నిజమేనన్నారు. మూడు జాతులను తీసుకుని లెక్క కట్టి, ప్రవర్తనలో కనపడే తేడాల్లో దాదాపు సగం వంశం నుంచి వచ్చేదని చెప్పారు. మిగతా సగం మాటేమిటి? అది పెంపకం, ఇల్లు, ఆ పిల్లికి జరిగిన మంచిచెడ్డలు. పిల్లిపిల్లలకు 2 నుంచి 7 వారాల వయసులో మనిషి చెయ్యి మెత్తగా తగిలితే, పెద్దయ్యాక మనిషంటే బెదురు ఉండదట. మన పెద్దలు పుట్టుక, పెంపకం అని రెండు మాటలు ఊరికే అనలేదు.

ఇప్పుడు మా మల్లి దగ్గరికి వద్దాం.

ఒకరోజు పొద్దున్న పప్పు కుక్కరు పెట్టాను. పక్కనే, చెయ్యెత్తు దూరంలో, గట్టు మీద మల్లి అటు తిరిగి పడుకుని ఉంది. కుక్కరు విజిలు ఒక్కసారిగా కూసింది. నేనే ఉలిక్కిపడ్డాను. మల్లి చెవి కూడా కదల్లేదు. రెండో విజిలు వచ్చింది. కదల్లేదు. నాకు ఏదో అనుమానం తోచి, దానికి కనపడకుండా వెనక నిలబడి రెండు స్టీలు పళ్లేలు గట్టిగా మోగించాను. హాయిగా నిద్రపోతూనే ఉంది. గరిట నా చేతిలోనే ఉండిపోయింది. రెండేళ్లుగా మేము పొగరు అన్నది, చెవుడు.

పశువుల డాక్టరుగారిని అడిగితే ఆయన ఆశ్చర్యపోలేదు. తెల్ల పిల్లుల్లో ఇది తెలిసిన సంగతే అన్నారు. డార్విన్ తన గ్రంథంలోనే, ఒళ్లంతా తెల్లగా ఉండి నీలి కళ్లున్న పిల్లులు సాధారణంగా చెవిటివని రాశాడట. ఒంటికి రంగునిచ్చే కణాలు చెవి లోపలి భాగం పనిచేయడానికి కూడా అవసరం. ఆ కణాలు లేకపోతే పుట్టిన కొద్దిరోజుల్లోనే చెవిలోపలి సున్నితమైన భాగం పాడైపోతుంది. నీలి కళ్లు లేని తెల్ల పిల్లుల్లో సుమారు నూటికి 17 నుంచి 22, ఒక కన్ను నీలంగా ఉన్నవాటిలో సుమారు 40, రెండు కళ్లూ నీలంగా ఉన్నవాటిలో 65 నుంచి 85 దాకా పుట్టుచెవిటివి. ఒక కన్నే నీలమైతే తరచు ఆ పక్క చెవే వినపడదు. అంగోరాల్లో తెల్లవాటినే ఏరి ఏరి పెంచినందుకు ఆ జాతికి ఈ బాధ ఎక్కువ తగులుకుంది. అంటే తెలుపు మీద మనుషుల మోజుకు మూల్యం పిల్లుల చెవులు చెల్లించాయి.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పి నవ్వుతాం. శంఖం ఊదేవాడికి ముందుగా ఆ సంగతి తెలియకపోవడం ఎవరి తప్పు? నేను విసిరిన చీపురు ఆ రోజు దానికి తగల్లేదు. కాని ఆ చీపురు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గే. మా అత్తగారు కూడా మంచి మనిషే. విషయం విని కాసేపు మాట్లాడలేదు. తరువాత మల్లిని ఒళ్లోకి తీసుకుని, "నా చెవులూ ఈమధ్య సరిగ్గా వినపడటంలేదు. నన్నేమంటున్నారో మీరంతా" అన్నారు. అందరం నవ్వాం గాని, నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఈమధ్య ఆవిడ పిలిస్తే పలకడంలేదని విసుక్కున్నది నేనే కదా! మరుసటి వారం ఆవిడను చెవి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను.

మీ ఇంట్లో తెల్ల పిల్లి ఉంటే ఈ మాటలు కాస్త గుర్తుంచుకోండి. వెనకనుంచి, గాలి తగలకుండా, నీడ పడకుండా తాళాల గుత్తి మోగించి చూడండి. చెవి తిరగకపోతే డాక్టరుకు చూపించండి. చెవిటి పిల్లిని పిలవాలంటే నేల మీద కాలితో తట్టాలి, ఆ అదురు దానికి తెలుస్తుంది. రాత్రిపూట లైటు వేసి తీసినా చాలు. నిద్రపోతుంటే చటుక్కున ముట్టుకోకూడదు, బెదిరి గీరుతుంది. వీధిలోకి వదలకూడదు, స్కూటరు హారను దానికి వినపడదు. తెల్లదానికి చెవుల కొనలు ఎండకు కమిలి పుండ్లు పడవచ్చు, కాన్సరుకు కూడా దారితీయవచ్చు, కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో పడుకోనివ్వకండి.

మా మల్లి అంగోరా అని నేనిప్పుడు కొత్తగా గొప్పలు చెప్పుకోను. కాగితాలు లేవు, జన్యుపరీక్ష లేదు. ఏ పర్షియన్ ముత్తవ్వ ఉందో, ఏ వీధిపిల్లి తాత ఉన్నాడో! బొచ్చు చూసి ఇంటిపేరు పెట్టకూడదని ఇంతసేపు మీకు చెప్పిన నేనే ఆ పని చేస్తే ఎలా? ఎవరైనా "పర్షియనా అండీ?" అంటే, "కాదండీ, మల్లి. చెవులు వినపడవు, కాస్త కనపడేలా దగ్గరికి రండి" అని చెబుతున్నాను.

ఇప్పుడు మల్లి పొగరుమోతు కాదు. నేల మీద రెండుసార్లు కాలు తట్టగానే ఏ గదిలో ఉన్నా పరుగెత్తుకు వస్తుంది. నేను ఈ ప్రసంగం రాసుకుంటున్నంతసేపూ బల్ల మీద కూర్చుని నా కలం వంకే చూస్తూ ఉంది. ఒక్క మాటా వినపడకపోయినా నా చెయ్యి ఎటు కదిలితే అటు చూసింది. మనమూ దానిని అంత శ్రద్ధగా చూసి ఉంటే ఆ రెండేళ్లు వృథా పోయేవి కావు.

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)